వడిసెల వారి మూలపురుషుడు

"కోటేశ్వరీ, వడలు!"

హాల్లోంచి అంకమ్మరావు కేక. ఆ కేకలో బతిమాలడం లేదు, బెదిరించడమూ లేదు. స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరుగుతుందన్న నమ్మకం మాత్రం ఉంది. వంటింట్లో కోటేశ్వరి పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది. శనగపప్పు పిండి అరచేతిలో తట్టి నూనెలోకి జారుస్తూ, బాణలికీ సింకుకీ మధ్య ప్రదక్షిణాలు చేస్తోంది. ఇంటిపేరు వడిసెల మరి! వడిసెల వారింట వడలు వెయ్యాలి, వడివడిగా వెయ్యాలి, వేసి వేసి తాను వడలిపోవాలి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఆ ఇంటిపేరుని నానబెట్టి, ఉతికి, ఆరేసి, మడతపెట్టి చూసింది. అందులో వడ ఉంది, వడి ఉంది, సెల కూడా ఉంది. సెలవు మాత్రం లేదు. ఒక్క 'వు' తక్కువైంది, అంతే!

ఈ మాటలేవీ పైకి అనదు. ఒకప్పుడు అనేది. పుట్టింటివారు నవులూరివాళ్ళు. కాలేజీలో నవ్వులూరి కోటేశ్వరి అనేవారు. మాటని పట్టుకుని రెండు ముక్కలు చేసి, ముక్కకో అర్థం అంటించి విసిరేదాకా ఆ పిల్లకి అన్నం సయించేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి పదిమందిలో అలాగే ఏదో అంటే మామగారు పకపకా నవ్వారు. అత్తగారు మాత్రం, "నవ్వులూరి పిల్లని తెచ్చుకున్నాం, నవ్వులపాలు చెయ్యకపోతే చాలు" అంది. ఆ రాత్రి అంకమ్మరావు, "ఆడదానివి, నలుగురిలో ఆ వెకిలి మాటలేంటి? కట్టిపెట్టు" అన్నాడు. కట్టిపెట్టింది. అప్పట్నుంచీ మాటలన్నీ గొంతులో మూట. బళ్ళో తెలుగు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆ మూట ముడి కొంచెం సడలేది. అక్కడా హెడ్మాస్టరుగారు, "స్వాగతం చెప్పడానికి మన తెలుగు మేడంగారున్నారుగా, పూలదండలు కూడా ఆవిడే చూసుకుంటారు" అనేవారు. స్వాగతం ఆమెది, సన్మానం ఇంకొకరిది. దండం ఆమెది, దండ ఇంకొకరిది.

"కోటేశ్వరీ!"

"వస్తున్నానండీ."

హాల్లో వడిసెల వారి ఆత్మీయ సమ్మేళనం కమిటీ కూర్చుని ఉంది. అధ్యక్షుడు బుల్లయ్యగారు అంకమ్మరావుకి బాబాయి. ప్రత్తిపాడు సెంటర్లో విత్తనాల కొట్టున్న అంకమ్మరావు కార్యదర్శి. మిగతా ముగ్గురూ సభ్యులు, అంటే వడలు తినేవాళ్ళు. కార్తీకమాసంలో గుంటూరు రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో వడిసెల అన్న ఇంటిపేరున్న వాళ్ళందరినీ ఒక్కచోట చేర్చి, భోజనాలు పెట్టి, వంశచరిత్ర చదివి వినిపించాలన్నది సంకల్పం. సంకల్పం మగవాళ్ళది. ఫోన్లు మాత్రం కోటేశ్వరివి. బడి నుంచి వచ్చి, కాఫీ గ్లాసు చల్లారిపోతుండగా, ఊరూరా ఆమే ఫోన్ చేసింది. కనిగిరి మెట్టలో కొన్ని గడపలు, ప్రత్తిపాడు చుట్టూ చాలా గడపలు, గుంటూరులో, చిలకలూరిపేటలో కొత్తగా వెలిసిన గడపలు. ప్రతి ఇంట్లోనూ మగగొంతు, "మేం నలుగురమమ్మా" అనేది. వెనక నుంచి ఆడగొంతు, "ఆరుగురం కదయ్యా!" అనేది. "ఆడపిల్లలిద్దర్నీ ఇచ్చేశాంగా, ఇంకా లెక్కేంటే?" అని ఫోన్ పక్కకి పెట్టకుండానే మగగొంతు కసిరేది. ఇచ్చేసినవాళ్ళు లెక్కలోకి రారు. అది కమిటీ రూలు. కోటేశ్వరి నలుగురనే రాసుకునేది. అలా తేలింది ఏడొందల చిల్లర గడపలు. గడపల్ని లెక్కపెట్టారు సరే, ఆ గడపల లోపల బతుకు గడిపినవాళ్ళని ఎవరు లెక్కపెట్టారు?

కమిటీవాళ్ళు టీవీకి ఫోన్ తగిలించి, తాము గీయించిన వంశవృక్షం చూసుకుంటున్నారు. ప్లేటు అందిస్తూ ఆమె తలెత్తి చూసింది. తమ కొమ్మ దగ్గర అంకమ్మరావు. పక్కన చిన్న అక్షరాల్లో కోటేశ్వరి, భార్య. కింద శ్రీకృష్ణ, కుమారుడు. అంతే.

"శ్రీరమ్యో?" అనేసింది.

ఐదుగురి నోళ్ళూ ఆగాయి. వడ కొరికిన చప్పుడు కూడా మధ్యలో ఆగింది.

"పెళ్ళైన ఆడపిల్ల మెట్టినింటి చెట్టు మీద ఉంటదమ్మాయ్" అన్నాడు బుల్లయ్య. "ఒక కాయ రెండు చెట్లకి కాయదుగా!"

అందరూ నవ్వారు.

"ఆ ఇంటితో తెగిపోయింది కదా మామయ్యగారూ. కోర్టులో కాగితాలు కూడా వేసేశాం."

అంకమ్మరావు ఆమె వైపు చూశాడు. ఎండబెట్టిన మిరపకాయల మీద తుమ్మబోయి ఆపుకున్నవాడి మొహం అది. "వడలు చల్లారిపోతున్నాయి, ఇంకో వాయి తీసుకురా" అన్నాడు.

వంటింటిని ఆనుకుని మూల గది. మొన్నటిదాకా అందులో పత్తి విత్తనాల బస్తాలుండేవి. ఉగాది నుంచీ శ్రీరమ్య ఉంటోంది. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఆ గదిలో కూర్చునే చేసుకుంటుంది. పెళ్ళైన రెండో ఏడు, మొగుడు రెండోసారి చెయ్యెత్తిన రోజు బ్యాగు సర్దుకుని బస్సెక్కింది. ఊళ్ళో మాత్రం 'మొగుడొదిలేసిన పిల్ల' అంటారు. నిజానికది 'మొగుణ్ణి వదిలేసిన పిల్ల'. ప్రథమా విభక్తికీ ద్వితీయా విభక్తికీ తేడా తెలియని ఊరికి ఏం పాఠం చెబుతాం! అంకమ్మరావు కూతుర్ని ఒక్క మాట అనలేదు. అనకుండానే, "కమిటీవాళ్ళొచ్చినప్పుడు హాల్లోకి రాకమ్మా. మొహాన అడుగుతారు, నేను చెప్పలేను" అని తలుపు దగ్గరికి వేశాడు.

ఆ తలుపు ఇప్పుడు ఓరగా తెరుచుకుంది. "విన్నాలే అమ్మా" అంది శ్రీరమ్య. "అక్కడ తీసేశారు, ఇక్కడ ఎక్కించలేదు. మా ఆఫీసులో దీన్ని డేటా లాసంటారు."

నవ్వుతూనే అంది. కోటేశ్వరికి చేతిలో వడ కాలింది.

ఆ సాయంత్రమే కొత్త పని పడింది. చరిత్ర రాసేశారు. కనిగిరి కోట మీద శత్రువులు విరుచుకుపడినప్పుడు ఒక మహావీరుడు గోడ మీద నిలబడి వడిసెలతో రాళ్ళు రువ్వి సేనాపతి తలపాగా ఎగరగొట్టాడట. ఆ వీరుడే వంశానికి మూలపురుషుడట, అందుకే వడిసెల వారట. తాడు గిరగిరా తిప్పి రాయి విసిరే ఆ ఆయుధాన్ని వేదిక మీద అద్దాల పెట్టెలో పెట్టాలి. పాతది ఒకటి కనిగిరి దగ్గరి పల్లెలో అంకమ్మరావు మేనత్త పున్నమ్మ ఇంటి అటక మీద ఉండొచ్చు.

"ఆదివారం నీకు సెలవేగా, వెళ్ళి పట్టుకురా" అన్నాడు అంకమ్మరావు. "అన్నట్టు చరిత్ర మైకులో చదివేది నువ్వే. నీ గొంతు బాగుంటది. రాసిందే చదువు, సొంత కవిత్వం వద్దు."

"మేనత్తగారిని పిలిచారా సమ్మేళనానికి?"

"ఆవిడ ఇంటిపేరు మారి అరవయ్యేళ్ళయింది. ఎట్టా పిలుస్తాం?"

ఇంటిపేరు మారినావిడ అటక మాత్రం మారలేదన్నమాట!

ఆదివారం తల్లీకూతుళ్ళు బస్సెక్కారు. ఉగాది తర్వాత కోర్టు పనికి తప్ప శ్రీరమ్య గడప దాటడం అదే మొదలు. నల్లరేగడిలో మిరపతోటలు, పగిలిన పత్తికాయలు వెనక్కి పోయి, ఎర్రనేల, కందిచేలు, రాళ్ళగుట్టలు ఎదురొచ్చాయి. కిటికీలోంచి చూస్తుంటే కోటేశ్వరికి తను కాపురానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. వడిసెల వారింట ఓ వింత ఆచారం ఉంది. కొత్త కోడలి ఒడిలో బియ్యం, పసుపుకొమ్ములు, వక్కలతో పాటు ఒక గుండ్రాయి పోస్తారు. ఆ రాయి తీసుకుని పెరట్లోంచి పొలాల వైపు విసరాలి, విసురుతూ హోయ్ అని అరవాలి. ఇంటి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, "గట్టిగా అరవాలి, పిట్టలు లేవాలి, పిట్టలు లేవాలి!" అన్నారు. ఆమె విసిరిన రాయి పొలానికి పోకుండా పెళ్ళికొడుకు స్కూటరు అద్దానికి తగిలింది. అద్దం పగిలిందన్న దెప్పు అత్తగారు పోయేదాకా పోలేదు. అది యుద్ధవీరుడి జ్ఞాపకమని మగవాళ్ళు చెప్పేవారు. కోటేశ్వరికి అప్పటినుంచీ ఒకటే ముల్లు. వీరుడి జ్ఞాపకమైతే కొడుకుల చేత విసిరించాలిగా? కోడళ్ళ చేతెందుకు? శత్రువులు పారిపోవాలి గానీ పిట్టలెందుకు లేవాలి?

పున్నమ్మ వసారాలో కందికాయలు ఒలుస్తోంది. ఎనభై దాటినా గొంతులో కంచు తగ్గలేదు. "ఎవురూ? అంకిగాడి పెళ్ళామా? ఈ పిల్ల శ్రీరమ్యేనా? ఎంత చిక్కిపోయావే బంగారూ! ఆ ఇంట్లో అన్నం పెట్టలేదా, పెట్టి తినలేనట్టు చేశారా?"

ఆర్నెల్లుగా ఎవరూ అడగని ప్రశ్న. శ్రీరమ్య నీళ్ళ చెంబు అందుకుని రెండో పక్కకి తిరిగింది.

వచ్చిన పని చెబితే పున్నమ్మ పడిపడి నవ్వింది. "పాత వడిసెలా? అటక మీదా? అదేమన్నా వడ్డాణమా దాచుకోడానికి! తెగితే కొత్తది అల్లుకునేవాళ్ళం. ఆ దండెం మీది పాత చీర అందుకోవే మనవరాలా."

చీర అంచు పొడుగ్గా చింపింది. మూడు పేటలు చేసి జడలా అల్లుతూ, మధ్యలో వెడల్పుగా ఒక అల్లిక వేసింది. "రాయి కూర్చునే చోటు ఇది. దీన్ని ఒడి అంటాం. మా అమ్మ నాకు నేర్పింది, దానికి వాళ్ళత్త. మగపిల్లలు అల్లుతుంటే నేనెప్పుడూ చూళ్ళా."

"మరి కోట మీది వీరుడు...?" అంది కోటేశ్వరి.

"కోటేంటి, వీరుడేంటి?" పున్నమ్మ చేతులు ఆగలేదు. "కోట కాదమ్మాయ్, మంచె. జొన్నచేలో నాలుగు గుంజలు పాతి కట్టిన మంచె. మొగుడు తరిమేస్తే ఇద్దరు బిడ్డల్ని చంకనేసుకుని ఒక ఆడకూతురు పుట్టింటికొచ్చింది. ఇంట్లో చోటు లేదన్నారు. అన్నలు, వదినలు, పరువు, మీకు తెలియందేముంది. చేలో మంచె ఎక్కి పిట్టలు తోలుకో, గింజలు పెడతామన్నారు. ఎండకీ వానకీ ఆ మంచె మీదే. వడిసెల తిప్పి హోయ్ అంటే ఆ చుట్టుపక్కల చిలక వాలేది కాదంట. ఊళ్ళో ఆవిణ్ణి వడిసెలామె అన్నారు. బిడ్డల్ని వడిసెలామె బిడ్డలన్నారు. తండ్రి ఇంటిపేరు తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఆ బిడ్డల బిడ్డల సంతానమే మా నాయనా, మీ మామా, బుల్లిగాడూ. కరువులొచ్చి కొందరు కింద నల్లరేగడికి దిగారు. పొలాలు కొన్నారు, మీసాలు పెంచారు. మంచె పోయి కోటొచ్చింది!"

"ఆవిడ పేరేంటవ్వా?" అంది శ్రీరమ్య. అంతసేపటికి అదే ఆమె మొదటి మాట.

"పేరు పెట్టి పిలిస్తేగా తెలిసేది. ఎవురికీ తెల్వదు."

కోటేశ్వరి లోపల మూట ముడి ఒక్కసారి లాగినట్టయింది. ఇల్లు లేదు. పేరూ లేదు. ఏడొందల గడపల ఇంటిపేరు మాత్రం ఆవిడదే!

"ఇదంతా ఆయనకి తెలియదు కాబోలు" అంది నెమ్మదిగా.

"ఎవురికి, అంకిగాడికా? వేసవి సెలవలకొస్తే నా ఒళ్ళో పడుకుని, మంచె మీది అవ్వ కథ చెప్పత్తా అని ఏడ్చి మరీ చెప్పించుకునేవాడు. చిలకలు లేచే చోట వాడే హోయ్ అనేవాడు." అల్లిక పూర్తయింది. పున్నమ్మ తాడు ఒక కొస ఉచ్చు శ్రీరమ్య వేలికి తగిలించి, రెండో కొస బొటనవేలి కింద పెట్టించింది. వాకిట్లోకి నడిపించి, ఒడిలో గులకరాయి పెట్టి, "తిప్పు. ఊ, తిప్పు. ఇప్పుడు ఈ కొస వదిలెయ్!" అంది.

శ్రీరమ్య వదల్లేదు. తాడు చేతికి చుట్టుకుపోయి రాయి కాళ్ళ దగ్గరే పడింది.

"భయపడి పట్టుకుంటే నీ నెత్తినే పడుద్ది. రెండు కొసలూ పట్టుకునేవాళ్ళు వడిసెల విసరలేరే బంగారూ. ఒకటి వేలికుండాల, ఒకటి వదలాల. వదిల్తేనే దూరం పొయ్యేది."

రెండోసారి వదిలింది. రాయి కందిచేను దాటి ఎక్కడో పడింది. గుంపుగా పిచ్చికలు లేచాయి. శ్రీరమ్య నోటి నుంచి హోయ్ కాదు, ఇంకేదో శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో తల్లికి తెలియలేదు. తెలుసుకోవాలని చూడలేదు కూడా.

ఇంటికి రాగానే కోటేశ్వరి వడిసెలని భోజనాల బల్ల మీద పెట్టింది. అంకమ్మరావు దాన్ని ఎత్తి చూసి, "ఇదేంటి, చీర గుడ్డ! పాతది లేదా?" అన్నాడు.

"మంచె మీది అవ్వకి పాత చీరలే ఉండేవట."

అతని చెయ్యి గాల్లో ఆగింది. ఆ ఒక్క క్షణంలో అతని మొహంలోకి ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు వచ్చి తొంగిచూసి వెళ్ళిపోవడం ఆమె చూసింది.

"మేనత్త చాదస్తం" అన్నాడు.

"మీకు తెలుసు."

"తెలుసు! అయితే?" గొంతు లేచింది. "ఎమ్మెల్యే వస్తున్నాడు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు వస్తున్నారు. ఏడొందల గడపల ముందు మైకు పట్టుకుని, అయ్యా మనమంతా మొగుడొదిలేసినదాని సంతానం అని చెప్పమంటావా? తల ఎక్కడ పెట్టుకోవాలి నేను?"

మూల గది తలుపు తెరిచే ఉంది. అంకమ్మరావుకి ఆ సంగతి అన్నాక గుర్తొచ్చింది. గదిలో కీబోర్డు టకటకలు ఆగిపోయాయి.

"దాన్నని కాదు నేనన్నది" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ మాట నాతో కాదు చెప్పాల్సింది" అంది కోటేశ్వరి. "తలుపు అటుంది."

అతను తలుపు వైపు చూశాడు. రెండడుగులు వేశాడు. ఫోన్ మోగింది. ఫ్లెక్సీ వాడు, బొమ్మలో వీరుడికి మీసాలు ఎంత పొడుగుండాలని అడుగుతున్నాడు. అంకమ్మరావు బతికిపోయినట్టు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

సమ్మేళనం దాకా ఆ రెండు వారాలూ ఇంట్లో మాటలు వడ్డించినంతవరకే. ఉప్పు, పెరుగు, కారు తాళం. చదవాల్సిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు. పక్కనే నిలబడి రెండుసార్లు చదివించుకున్నాడు. ఆమె అక్షరం పొల్లు పోకుండా చదివింది. "చూశావా, నీ గొంతులో మూలపురుషుడు అంటుంటే ఒళ్ళు పులకరిస్తోంది" అన్నాడు. మూలపురుషుడు. పిండి రుబ్బుతూ, బట్టలారేస్తూ, బళ్ళో సంధులు విడదీస్తూ ఆ మాటే నోట్లో తిప్పుకుంది. మూలం అంటే మొదలు. మూల అంటే మూల. తన ఇంట్లోనూ ఒక మూల ఉంది, ఆ మూలలో శ్రీరమ్య రూపంలో ఆ మొదలే ఉంది. ఇన్నేళ్ళుగా మాటల్ని విరిచి విరిచి చూసిందే, ఇంత పెద్ద మాట ఇంట్లోనే ఉంటే ఎలా కనపడలేదు? చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన తిరిగి మాట్లాడడు, నెలలు మాట్లాడడు. బుల్లయ్యగారు ఇంటి మెట్లెక్కరు. పరువు తీసిన కోడలన్న పేరు తను పోయేదాకా ఉంటుంది. చెప్పకపోతే ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు. మూల గది తలుపు తన గొంతుతోనే గడియ పడుతుంది.

సమ్మేళనం రోజు తెల్లచొక్కా వేసుకుని అంకమ్మరావు కారు హారన్ కొట్టాడు. కోటేశ్వరి గుమ్మంలోకి వచ్చింది.

"మీరు ముందెళ్ళండి. మేం ఆటోలో వస్తాం."

"మేమంటే?"

"మేమంటే మేమే."

ఆమె వెనక శ్రీరమ్య నిలబడి ఉంది. ఎవరూ రమ్మనలేదు, తనే చీర కట్టుకుంది. కుడిచేతికి చీర అంచు వడిసెల చుట్టుకుంది. అంకమ్మరావు ఏదో అనబోయాడు. ఎదురింటివాళ్ళు బయటే ఉన్నారు. కారు కదిలింది.

ఆటో తిన్నగా ఫంక్షన్ హాలుకి పోలేదు, ముందు బస్టాండుకి పోయింది. కనిగిరి బస్సు దిగి, చేతికర్రతో, కొత్త జాకెట్టుతో పున్నమ్మ ఎదురుచూస్తోంది. "ఎవురు పిలిచారని అడిగితే ఏం చెప్పాల?" అంది.

"నేను పిలిచానని చెప్పండి పెద్దమ్మా" అంది కోటేశ్వరి.

హాలంతా వడిసెల వారే. గేటు దగ్గర నుంచి వేదిక దాకా మీసాల వీరుడి ఫ్లెక్సీలు. వేదిక మీద బుల్లయ్యగారు కొత్తగా చేయించిన పట్టుతాడు వడిసెల పట్టుకుని, మూలపురుషుడికి నివాళిగా రబ్బరు బంతి విసరబోతున్నారు. ఫొటోగ్రాఫర్లు మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు కొసలూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆయన గిర్రున తిప్పారు. బంతి ఎటూ పోలేదు. తాడు మెడకి చుట్టుకుని, బంతి ఆయన ముక్కు మీదే పడింది. ముందు వరసలో ఎమ్మెల్యే జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంకమ్మరావు పరిగెత్తుకెళ్ళి తాడు విప్పుతూ, గొడవ కప్పడానికి మైకులో గబగబా, "ఇప్పుడు మన వంశచరిత్ర! శ్రీమతి వడిసెల కోటేశ్వరి, తెలుగు పండితులు!" అన్నాడు. పాతికేళ్ళ పైచిలుకు కాపురంలో ఆయన ఆమె పేరు మైకులో చెప్పడం అదే మొదలు.

కోటేశ్వరి మెట్లెక్కింది. హాలు చివర తలుపు దగ్గర పున్నమ్మ, ఆమె భుజం పట్టుకుని శ్రీరమ్య. కూర్చోడానికి చోటు ఎవరూ చూపించలేదు. కాగితం తెరిచింది. 'కనిగిరి కోట బురుజు మీద' అని మొదటి వాక్యం. ఏడొందల గడపలూ ఆమె నోటి వైపే చూస్తున్నాయి. వేదిక పక్క నుంచి భర్త తల ఊపాడు, కానియ్యమన్నట్టు.

కాగితం మడిచింది.

"మన మూలపురుషుడు" అంది, "పురుషుడు కాదండీ."

ఎవరో నవ్వారు. పండితురాలు హాస్యం ఆడుతోందని ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఆమె నవ్వు అయ్యేదాకా ఆగింది.

"మొగుడు తరిమేస్తే పుట్టింటికొచ్చిన ఆడపిల్ల. ఇంట్లో మూల కూడా దొరక్క చేలో మంచెక్కింది. వడిసెలతో పిట్టలు తోలి బిడ్డల్ని పెంచింది. ఆ బిడ్డలం మనం. మన కోడళ్ళ ఒడిలో రాయి పోసేది అందుకు. పిట్టలు లేవాలని అరిపించేది అందుకు. ఈ సంగతి మన ఆడవాళ్ళు ఒకరి ఒడిలోంచి ఒకరి ఒడిలోకి పోసుకుంటూనే వచ్చారు. లెక్కలో రాసుకోనిది మనమే."

చప్పట్లు లేవు. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, ఎవరో ఊరుకోబెట్టడం. ఆడవాళ్ళ వరసల్లో ఒక ముసలామె పక్కనున్న కోడలి చెయ్యి పట్టుకుంది. బుల్లయ్యగారి ముక్కు ఎర్రగా ఉంది, ఇప్పుడు మొహమంతా ఎర్రబడింది. అంకమ్మరావు వేదిక అంచు దాకా వచ్చి, పళ్ళ బిగువున, మైకుకి వినపడకూడదనుకుంటూ అన్నాడు. మైకు విన్నది.

"కోటేశ్వరీ, దిగు. భోజనాలకి టైమయింది, వడ్డన చూడు."

ఏడొందల గడపలకీ వినపడింది. ఆమె భర్త వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు. ఆ మొహంలో ఒకప్పుడు హోయ్ అన్న పిల్లాడి కోసం ఒక్క క్షణం వెతికింది.

"వడ్డనకి మనుషులున్నారండీ" అంది, మైకులోనే. "నాకివాళ సెలవు."

తర్వాత సభ వైపు తిరిగింది.

"వడిసెల వారు ఏడొందల చిల్లర గడపలని ఇందులో రాశాం. ఆ చిల్లర కింద పోయినవాళ్ళని ముందు పిలుస్తాను. పిలిచినవాళ్ళు వచ్చి ముందు వరసలో కూర్చోవాలి, చోటు ఇవ్వండి."

హాలు చివర తలుపు వైపు చూసి, బళ్ళో హాజరు పిలిచే గొంతుతో మొదటి పేరు పిలిచింది.

"వడిసెల శ్రీరమ్య."